పొడుగు లెన్సు, పొట్టి తిత్తి

నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. దూరం ఆననివాళ్లకి దూరపు అద్దాలు, దగ్గర ఆననివాళ్లకి దగ్గరి అద్దాలు, రెండూ ఆననివాళ్లకి రెండూ కలిపిన అద్దాలు అమర్చి పంపడం నా వృత్తి. ఇంత అనుభవం ఉన్న మనిషి ఒకే ఒక్క లెన్సు ఎంచుకోవడంలో పప్పులో కాలేశాడంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడ మాత్రం విన్న వెంటనే నమ్మింది.

దుకాణం కాక నాకు ఒక కెమెరా కూడా ఉంది. మెడలో వేసుకునే రకం కాదు. చెక్కపెట్టె, దానికి మూడు కాళ్ల స్టాండు, ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, ఆ రెంటికీ మధ్య హార్మోనియానికి ఉన్నట్టు మడతల తిత్తి. నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని ఆ గరుకు అద్దంలో చూస్తే లోకం తలకిందులుగా కనిపిస్తుంది. తిత్తిని ముందుకీ వెనక్కీ జరుపుతూ బొమ్మ స్పష్టమయ్యేదాకా చూసుకోవాలి. అప్పుడు అద్దం దగ్గర అరచేయంత ఫిల్ము ముక్క దూర్చి, మీట నొక్కాలి. ఇదంతా అయ్యేసరికి ఎదుట కూర్చున్న మనిషికి ఆకలి వేస్తుంది. పిల్లలైతే పెద్దవాళ్లయిపోతారని మా ఆవిడ అంటుంది.

ఈ కెమెరాతో నేను ఇంతవరకు గోడలు, వంతెనలు, మూతపడిన సినిమాహాలు, ఒక పాత నీళ్ల ట్యాంకు తీశాను. అవి కదలవు, ఫొటోలో ఎలా పడ్డామని అడగవు. మనుషుల జోలికి పోలేదు. మనుషుల్ని తీయాలంటే పొడుగు లెన్సు ఉండాలి, అది నా దగ్గర లేదు అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. చెప్పగా చెప్పగా అదొక హోదాలా తయారైంది.

మా అక్క మేముండే బిల్డింగులోనే పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పెళ్లి వద్దనుకుంది, అనుకున్నమాట మీద నిలబడింది. రైల్వేస్టేషన్లో పోయిన వస్తువుల కౌంటరు ఆమెది. బండిలో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు అన్నీ అక్కడికే చేరతాయి. పోగొట్టుకున్నవాళ్లు తామేదో తప్పు చేసినట్టు కాక, అక్కే దొంగిలించినట్టు మండిపడుతూ వస్తారు. అక్క ఒక నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వుకి సగం మంది చల్లబడిపోయి, దొరక్కపోయినా పర్లేదమ్మా అని వెళ్లిపోతారు.

ఆ మధ్య అక్కకి ఎడమ చెవి కింద ఒక గడ్డ తేలింది. పరీక్షలన్నీ చేసి, చెడ్డది కాదు గానీ పెరుగుతోంది, తీసేయాలన్నారు. చిక్కల్లా ఏమిటంటే ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డ మధ్యనుంచే పోతోందట. నరానికి ఏమీ కాకపోతే సరేసరి. అయితే మాత్రం ఎడమ బుగ్గ, పెదవి ఇక కదలవు. ఏ సంగతీ కోశాక గాని చెప్పలేమన్నారు.

"గడ్డతోపాటు నవ్వు కూడా పోవచ్చటరా," అంది అక్క మా ఇంటికొచ్చి, ఎవరిదో సంచి పోయిన సంగతి చెబుతున్నట్టు. "పోయాక మా కౌంటర్‌కి చేరే వస్తువు కాదది. వచ్చే నెలాఖరుకి ఆపరేషను. ఈలోపు నీ పెద్ద కెమెరాతో ఒకటి తీసిపెట్టు."

"ఫోన్లో బోలెడు ఉన్నాయిగా వదినా," అంది మా ఆవిడ.

"అవి ఫోన్‌కి నవ్విన నవ్వులమ్మాయ్. వీడు ఆ గుడ్డ కప్పుకుంటే నాకు నిజంగా నవ్వొస్తుంది. అది కావాలి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణంలో ఏ మనిషైనా అక్క చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అనేవాడు. నేను మాత్రం గొంతు సవరించుకుని, "అయితే పొడుగు లెన్సు కావాలక్కా," అన్నాను.

నేనన్నది అబద్ధం కాదు. మామూలు లెన్సుతో ముఖం నిండుగా తీయాలంటే మనిషికి బాగా దగ్గరగా వెళ్లాలి. అలా వెళితే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పారిపోతాయి. కాస్త ఎడంగా నిలబడి పొడుగు లెన్సుతో తీస్తే ముఖం ముఖంలా ఉంటుంది. ఇంతవరకు నిజం. ఆ నెల నేను వేసిన వేషాలన్నీ ఈ చిన్న నిజాన్ని అడ్డం పెట్టుకునే వేశాను.

మా ఊళ్లో పెద్ద కెమెరా పిచ్చివాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. మాలో అందరికంటే ముదిరినాయన్ని గొట్టం గారంటాం. ఆయన దగ్గర పొడుగు లెన్సులు తప్ప ఇంకేవీ ఉండవు. రిటైరయ్యాక హాల్లో సోఫా తీసేయించి, ఆ గోడంతా అలమరాలు చేయించి, వాటినిండా లెన్సులు పేర్చుకున్నాడు. వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడాలి. ఆయన కూడా మనుషుల్ని తీయగా ఎవరూ చూడలేదు. అసలు ఏదైనా తీయగా ఎవరూ చూడలేదు.

"ముఖమా? ఎవరి ముఖం? మీ అక్కగారిదా?" అంటూ ఆయన నన్ను అలమరా దగ్గరికి లాక్కుపోయాడు. "ఇదిగో, ఇది రెండు వందల పది మిల్లీమీటర్లది. చాలామంది దీంతోనే తీస్తారు. తీయొచ్చు."

ఆ 'తీయొచ్చు' అన్న తీరుకి దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

"ఇది టెలీఫోటో. మామూలుగా లెన్సు ఎంత పొడుగైతే తిత్తి అంత సాగాలి గదా. దీనికక్కర్లేదు, పొట్టి తిత్తితో నడిచిపోతుంది. ఎత్తుమడమల చెప్పులేసుకుని పొడుగయ్యాననుకునే రకం. నీకలాంటివి నచ్చుతాయా?"

నచ్చవన్నాను. నచ్చితే ఏమయ్యేదో ఇప్పుడు తెలుసు.

"మరి ఇది," అని ఆయన గొంతు తగ్గించాడు. "మూడు వందలు. అసలుసిసలు పొడుగు లెన్సు. దీంతో తీసిన ముఖం చూశావా, ఇక వేరే ముఖం చూడవు."

అక్కడినుంచి నేను మీనమేషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు వందలా, రెండు వందల పదా? ఒకరోజు ఇది, ఒకరోజు అది. దుకాణంలో ఒకాయన కళ్లు పరీక్షిస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అద్దాలు మారుస్తూ, మధ్యలో నా ఆలోచనలోకి జారిపోయి ఒకే అద్దాన్ని పదేపదే చూపించాను. ఆయన పాపం ప్రతిసారీ తేడా ఉందనే అన్నాడు. ఇంటికొస్తే భోజనం దగ్గర కూడా అదే గోల. మా ఆవిడ ఓపిక పట్టి పట్టి ఒకరోజు, "దానికీ దీనికీ అంత తేడా ఉంటుందని ఏ గొట్టంగాడు చెప్పాడండీ మీకు?" అంది.

"గొట్టం గారే చెప్పారు," అన్నాను.

ఒక సాయంత్రం అక్క డ్యూటీ దిగి తిన్నగా మా దుకాణానికొచ్చింది. ఎప్పుడూ రాదు. కళ్లు పరీక్ష చేసే కుర్చీలో కూర్చుని, ఎదుటి బోర్డు మీది అక్షరాల వంక చూస్తూ, "ఒరే, ఆపరేషన్ గదిలోకి మనవాళ్లనెవరినైనా రానిస్తారంటావా? మత్తు ఎక్కేదాకా?" అని అడిగింది.

"రానివ్వరనుకుంటానక్కా," అని, అంతలోనే, "నువ్విలా కూర్చున్నావు చూడు, సరిగ్గా ఈ దూరం. ఇక్కణ్నించి మూడు వందలతో తీస్తే ముఖం ఇంతొస్తుంది," అని చేతులతో చట్రం కట్టి చూపించాను. తిత్తి ఎలా సాగుతుందో చెప్పాను. టెలీఫోటోకీ దీనికీ తేడా చెప్పాను. ఎత్తుమడమల చెప్పుల పోలిక నాదేనన్నట్టు వాడుకున్నాను. అక్క అంతా విని, "సరేలే," అని లేచి వెళ్లిపోయింది. నేను బాగా చెప్పాననే అనుకున్నాను.

చివరికి మూడు వందలే ఖాయం చేశాను. తెచ్చుకునే ముందు జాగ్రత్తపరుణ్ణి కాబట్టి ఇంట్లో తిత్తి పూర్తిగా తీసి దర్జీ టేపుతో కొలిచాను. మూడు వందల ముప్ఫై మిల్లీమీటర్లు సాగింది. కావలసింది మూడు వందలు, ఉన్నది మూడు వందల ముప్ఫై. ఇంకా ముప్ఫై మిగులు! నేను నేలమీద నిలవలేదు. తిత్తి తీయడమనే మాటకి తెలుగులో ఇంకో అర్థం కూడా ఉందని అప్పుడు నాకు గుర్తు రాలేదు. అది మా ఆవిడ తర్వాత గుర్తుచేసింది.

లెన్సు తెచ్చాను. దాన్ని బిగించడానికి పలక చేయించాలి, ఆ పలకకి కన్నం వేయించాలి. కన్నం కాస్త వదులైందని మళ్లీ చేయించాను. అక్కని ఏ కిటికీ దగ్గర కూర్చోబెట్టాలో ఆదివారం తీరిగ్గా చూసుకుందామనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది. ఎవరిదో ఆపరేషను వాయిదా పడిందట, అక్కని ముందుకు జరిపారు. మధ్యాహ్నానికల్లా వచ్చి చేరమన్నారు, మర్నాడు ఉదయమే ఆపరేషను.

అక్క చిన్న సంచితో కిందికి దిగొచ్చింది. తల దువ్వుకుని, నీలం రంగు బట్టలు వేసుకుంది.

"పోయే ముందు పని కానివ్వరా. ఎంతసేపు?"

"ఐదు నిమిషాలక్కా," అన్నాను, ఆ కెమెరాతో ఐదు నిమిషాల్లో ఎవరూ ఏమీ తీయలేదని తెలిసి కూడా.

ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కెమెరా నిలబెట్టి, లెన్సు బిగించి, గుడ్డ కప్పుకుని చూశాను. అక్క ఉండాల్సిన చోట ఒక నీలం మబ్బు కనిపించింది. తిత్తి సాగదీశాను. మబ్బు కాస్త చిన్నదైంది. ఇంకా సాగదీశాను. ఇంకా. తిత్తి చివరికొచ్చేసింది, మడతలన్నీ విడిపోయి గుడ్డ బిర్రుగా అయిపోయింది. మబ్బు మబ్బులాగే ఉంది.

అప్పుడు తెలిసింది. నాలిక్కరుచుకున్నాను. ఆ మూడు వందల లెక్క కొండలకి, చంద్రుడికి. మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ తిత్తి మరింత సాగాలి. బొత్తిగా కొత్తవాడైతే తిత్తి కొలవనే కొలవడు, నిజంగా తెలిసినవాడు మనిషి దూరాన్ని కూడా కలిపి కొలుస్తాడు. మధ్యలో ఉండి టేపు పట్టుకుని మరీ తప్పు చేయాలంటే నాలాంటివాడే కావాలి. అసలు ఏ వస్తువు ఎంత దగ్గరుంటే కంటికి ఎంత శ్రమో రోజూ పదిమందికి వివరించి చెప్పేవాణ్ణి నేను. నా కెమెరాకి దూరం దివ్యంగా ఆనుతోంది, దగ్గరే ఆనడం లేదు.

"ఏమైందిరా?" అంది మబ్బు.

"కొంచెం వెనక్కి జరుగక్కా."

జరిగింది. గోడ తగిలింది. నేను కెమెరాని వెనక్కి జరిపాను. నాకు బీరువా తగిలింది. లెక్క చూస్తే అక్క పదకొండడుగుల అవతల ఉంటే గాని ఆ లెన్సుకి ఆనదు. మా ముందుగది అటు గోడనుంచి ఇటు గోడకే పదకొండడుగులు. అందులో కెమెరా పట్టాలి, నేను పట్టాలి, బీరువా ఎలాగూ కదలదు. పాత లెన్సు పెట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు, మా ఆవిడ అంది కూడా. కానీ నెల్లాళ్లు దాన్ని ముక్కులు సాగదీసే లెన్సని నోరారా తిట్టాక, ఇప్పుడు అదే పెట్టి అక్క ముక్కు తీయడానికి మొహం చెల్లలేదు.

"బయటి నడవలోకి పదండి," అన్నాను.

మా అంతస్తులో లిఫ్టుకీ మా గుమ్మానికీ మధ్య పొడుగాటి నడవ ఉంది. లిఫ్టు పక్కన కిటికీ, అందులోంచి ఒక మోస్తరు వెలుతురు. అక్కని ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, నేను మా గుమ్మం దాకా వచ్చి కెమెరా నిలబెట్టాను. మా ఆవిడ అక్క సంచి పట్టుకుని, ఆమె వెనక మెట్ల దగ్గర నిలబడింది. ఇంత దూరంనుంచి ముఖం నిండుగా రాదు, ఒళ్లోని చేతులదాకా మొత్తం వస్తుంది. రానీ అనుకున్నాను.

ఫిల్ము ముక్కలు రెండే సిద్ధంగా ఉన్నాయి. మొదటిది తీసేటప్పుడు సరిగ్గా మీట నొక్కిన క్షణాన ఎదురింటాయన నిచ్చెన భుజాన వేసుకుని ఇంట్లోంచి బయటికొచ్చాడు. అడ్డంగా నడుస్తూ నడుస్తూ, మధ్యలో ఆగి, "ఫొటోనా? నన్ను పడనివ్వకండి," అని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

రెండోది మిగిలింది. గుడ్డ కప్పుకున్నాను. "తల కొంచెం ఎత్తక్కా," అన్నాను గుడ్డలోంచి. అక్కకి వినిపించక, "ఏంటీ?" అని ముందుకు వంగింది. ఆ వంగిన ముఖం గరుకు అద్దంలో, తలకిందులుగా, ఒక్కసారిగా ఎంత స్పష్టంగా వచ్చిందో! కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. గొట్టం గారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. అలాగే ఉండమని అరిచి, ఫిల్ము దూర్చాను. ఫిల్ము దూర్చాక గరుకు అద్దంలో ఇంకేమీ కనిపించదు. మీట పట్టుకుని కెమెరా పక్కన నిలబడి, మామూలు కళ్లతో చూడాల్సిందే. వెలుతురు చాలదు కాబట్టి లెన్సు కన్ను పూర్తిగా తెరిచిపెట్టాను. అలా తెరిస్తే స్పష్టంగా వచ్చే మేర జానెడే ఉంటుంది. దానికి ముందుదీ మసకే, వెనకదీ మసకే. అక్క కదలకపోతే చాలు.

అప్పుడే లిఫ్టు తెరుచుకుని పక్కింటావిడ కూరగాయల సంచితో దిగింది. అక్కని చూసి, దూరంగా గుడ్డ ఇంకా నెత్తిమీదే ఉన్న నన్ను చూసి, "మీ తమ్ముడుగారేంటండీ అలా ముసుగేసుకున్నారు? ఎవరికి మొహం చాటేస్తున్నారు?" అంది.

"నాకేనండీ! నెల్లాళ్లుగా!" అంది అక్క.

అని, తల వెనక్కి వాల్చి నవ్వింది. నడవంతా మోగింది. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్న నవ్వే అయినా అలా చూసి చాలా కాలమైంది. మీట నొక్కాను. వచ్చేసింది అనుకున్నాను. నాకప్పుడు పట్టిన సంతోషం అంతా ఇంతా కాదు.

అక్కని ఆస్పత్రిలో చేర్చి, మా ఆవిణ్ణి తోడుంచి, నేను ఇంటికొచ్చి బాత్రూములో చీకటి చేసుకుని ఫిల్ము కడిగాను. కడిగి, వెలుతురుకి పట్టి చూశాను.

నవ్వు రాలేదు. అంటే, వచ్చింది గానీ ఎవరి నవ్వో చెప్పలేం. నేను సరిచూసుకున్నది వంగి ఉన్న ముఖాన్ని. నవ్వేసరికి ఆ ముఖం జానెడు దాటి వెనక్కి వెళ్లిపోయింది. పైగా కదిలింది. ముఖం ఉండాల్సిన చోట చెరిపేసిన పలకలా ఒక మసక. అంతకుముందు ముఖం ఉన్న జానెడులో ఇప్పుడు చేతులున్నాయి. ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులు. అవి మాత్రం కదల్లేదు.

భూతద్దం పెట్టి చూశాను. అంత స్పష్టంగా నేను తీసిన గోడలు కూడా రాలేదు. కుడిచేతి వేళ్లు ఎడమచేతిని పట్టుకుని ఉన్నాయి. పట్టుకోవడమంటే మామూలుగా కాదు. గోళ్లు చర్మంలోకి దిగాయి. కణుపులు పొడుచుకొచ్చాయి, ముంజేతి నరం ఉబ్బి ఉంది. అంత నవ్వు నవ్వుతున్నప్పుడు కూడా ఆ పట్టు వదల్లేదు. నెల్లాళ్లనుంచీ అక్క ఎంత భయపడుతోందో నాకు బాత్రూములో నిలబడి తెలిసింది. ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు తెలియలేదు. అక్కడే బోర్లించి ఉన్న బకెట్టు మీద కూలబడి ఏడ్చాను.

అంతలో మా ఆవిడ ఫోను చేసింది. ఫొటో సంగతి అడిగింది. రాలేదన్నాను, దగ్గరగా తీసి ఉంటే వచ్చేదన్నాను. ఆమె నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మరి దగ్గర ఆననివాళ్లకి మీరిచ్చే అద్దాలున్నాయి కదండీ. అదొకటి ఆ లెన్సు ముందు పెడితే ఆనేది కాదా?"

ఆనేది. చక్కగా ఆనేది. మా దుకాణం సొరుగుల్లో అలాంటి అద్దాలు వందలున్నాయి. ముందుగదిలో, కిటికీ పక్కన, అక్కని రెండు గజాల దూరంలో కూర్చోబెట్టి తీసేవాణ్ణి. నా తిత్తి తీయడానికి ఆమె గొంతు పెంచాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఫిల్ము ఆరబెట్టి, కవర్లో పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. చూసేవాళ్లని ఇంకా లోపలికి రానిస్తున్నారు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ చెవి కింద డాక్టరు పెన్నుతో గీసిన గీత ఉంది. మా ఆవిడ నన్ను చూసి, టీ తెస్తానని బయటికి వెళ్లింది.

"వచ్చిందా?" అంది అక్క.

"నవ్వు రాలేదక్కా. చేతులొచ్చాయి."

అక్క ఫిల్ము తీసుకుని ట్యూబులైటుకి ఎత్తి పట్టింది. అందులో నలుపు తెలుపులు తారుమారుగా ఉంటాయి, తెలియనివాళ్లకి చూడగానే అర్థం కాదు. అక్కకి అర్థమైంది. చాలాసేపు చూసి నాకిచ్చేసి, చేతులు రెండూ దుప్పటి కిందికి తోసుకుంది.

"మంచి లెన్సేరా," అంది. "గోళ్లు కూడా కనిపిస్తున్నాయి."

"భయంగా ఉందా అక్కా?"

"నెల్లాళ్లకి అడిగావు."

నేను ఫిల్ముని మళ్లీ కవర్లో పెట్టాను.

"చచ్చేంత భయంగా ఉందిరా," అంది. "మత్తు భయం. లేస్తానో లేదోనని భయం. లేచాక అద్దం చూడటం భయం."

జేబులోకి నా చెయ్యి వెళ్లింది. "ఫోను తీయకు. ఇప్పుడు నవ్వు రాదు నాకు," అంది. తీయలేదు. స్టూలు మంచానికి ఆనించి కూర్చున్నాను. దుప్పటి కిందికి చెయ్యి పెట్టి ఆ చేతులు పట్టుకున్నాను, ఐసు ముక్కల్లా ఉన్నాయి.

"ఏదో ఒకటి మాట్లాడరా. పోనీ ఆ తిత్తి ఎందుకు చాల్లేదో అదే చెప్పు," అంది.

నెల్లాళ్లు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పినవాణ్ణి. ఒక్క మాట కూడా పెగల్లేదు. నర్సు వచ్చి వెళ్లమనేదాకా అలాగే కూర్చున్నాను.

గడ్డ పోయింది. నరాన్ని పూర్తిగా కాపాడలేకపోయారు. ఇప్పుడు అక్క నవ్వితే కుడిపక్క పెదవి పైకి లేస్తుంది, ఎడమపక్క అలాగే ఉండిపోతుంది. ముందుముందు కొంత మారొచ్చన్నారు, ఎంతనేది చెప్పలేదు. మళ్లీ కౌంటర్లో కూర్చుంటోంది. ఆ మూడు వందల లెన్సుని గొట్టం గారికి తిరిగిచ్చేశాను. ఆయన దాన్ని తుడిచి అలమరాలో యథాస్థానంలో పెట్టుకుని, "తిత్తి తప్పు, లెన్సు తప్పేం లేదు," అన్నాడు. కాదనలేదు.

ఆరోజు నడవలో అక్క నవ్విన నవ్వు చూసినవాళ్లెవరా అని ఆలోచిస్తే ముగ్గురమే. మెట్ల దగ్గరున్న మా ఆవిడకి అక్క వీపు మాత్రమే కనిపించిందట. ఆమధ్య లిఫ్టులో పక్కింటావిణ్ణి అడిగాను. "నవ్వారా? నాకు మీ ముసుగే గుర్తుందండీ," అంది.

మొన్న మధ్యాహ్నం అక్క మా ఇంట్లో కూర్చుని ఉంది. భోజనాలయ్యాయి. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రోజు ఎలా నవ్వానురా?"

"తల వెనక్కి వాల్చి, గట్టిగా."

"అది కాదు. మొహం ఎలా ఉంది?"

"కళ్లు మూసుకుపోయాయి. బుగ్గలు..." అని ఆగిపోయాను. బుగ్గలు ఎలా ఉన్నాయో చెప్పడానికి నాకు మాటలు రాలేదు. అక్క ఎదురుచూస్తోంది. మా ఇద్దరికీ అమ్మ బుగ్గలే, అమ్మ నోరే వచ్చాయని చుట్టాలందరూ అంటుంటారు. ఆ నోటిని నేను లెన్సుల గురించి మాట్లాడటానికే వాడుకున్నాను. కుర్చీ అక్క ముందుకి లాక్కున్నాను, మోకాళ్లు తగిలేంత దగ్గరికి. తల వెనక్కి వాల్చి, ఆ రోజు చూసింది చూసినట్టు నవ్వాను. గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ ఏమైందోనని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కళ్లు తెరిచేసరికి అక్క ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నా ఎడమ బుగ్గ వైపే చూస్తోంది.

"ఇంకోసారి," అంది.

మళ్లీ నవ్వాను.